పసిపిల్లల అత్యవసర వైద్యం: ఖరగ్‌పూర్‌కు పరిశోధనలు చెబుతున్నదేమిటి?

ఖరగ్‌పూర్: ‘డొక్కలెగరేస్తున్నాడు, కళ్లు తేలేశాడు, పొద్దుటి నుంచి పాలు పట్టడం లేదు.’ అర్ధరాత్రి బిడ్డను చంకనేసుకొని ఆసుపత్రి గుమ్మం తొక్కిన తెలుగు తల్లి నోట వెలువడే మాటలివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాద సూచనలుగా పేర్కొన్న మూడు లక్షణాలు వాటిలోనే ఇమిడి ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడు ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, మూర్ఛ, ఆహారం తీసుకోలేని స్థితి. ఆ మాటలను ముందుగా ఎవరు వింటారు, విన్న ఎంతసేపటికి బిడ్డ ముఖానికి ఆక్సిజన్ అందుతుంది అన్న రెండు ప్రశ్నలపైనే చాలా సందర్భాల్లో ప్రాణం నిలుస్తుంది, లేదా పోతుంది.

దేశంలోని జిల్లా, సబ్ డివిజనల్ ఆసుపత్రుల్లో రాత్రివేళ ఆ మాటలు ముందుగా వినేది సాధారణంగా పిల్లల వైద్య నిపుణులు కారు. విధుల్లో ఉన్న యువ ఎంబీబీఎస్ వైద్యుడో, నర్సో వింటారు. వారికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్పినది ఎంతకాలం నిలుస్తుంది అన్న విషయాలపై గత రెండు దశాబ్దాల్లో ఆఫ్రికాలోనూ, భారత్‌లోనూ, పాశ్చాత్య దేశాల్లోనూ చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది. ఆ పరిశోధన సారాన్ని ఖరగ్‌పూర్ వంటి పట్టణానికి అన్వయించి చూస్తే, మన వైద్య శిక్షణ విధానంలోని ఒక మౌలికమైన లోపం బయటపడుతుంది.

రైలు కూడలిలో నాలుగు ఆసుపత్రులు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్ రైలు పట్టణం. 1072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి ఆ ఘనతను తీసుకుపోయాయి. రైల్వే కర్మాగారంలో, లోకో షెడ్లలో, యార్డుల్లో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివెళ్లిన కుటుంబాలు మధురాకాటి, నింపురా వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చినది ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఈ పట్టణ ప్రజలకు వైద్యం అందించే సంస్థలు వేర్వేరు యాజమాన్యాల కింద ఉన్నాయి. రైల్వే ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ రైల్వే ఆసుపత్రి ఉంది. సామాన్యులకు చాంద్‌మారిలోని సబ్ డివిజనల్ ఆసుపత్రి ఆధారం. అది రాష్ట్ర ప్రభుత్వానిది. కంసావతి నది దాటి పదిహేను కిలోమీటర్ల లోపు వెళితే 2004లో ఏర్పడిన మేదినీపూర్ వైద్య కళాశాల వస్తుంది. నాలుగోది ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందినది. 2021 ఫిబ్రవరి 23న ఐఐటీ స్నాతకోత్సవంలో దృశ్యమాధ్యమం ద్వారా ప్రసంగించిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అక్కడి డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ వైద్య విజ్ఞాన, పరిశోధన సంస్థను ప్రారంభించారు. అంతకు రెండు దశాబ్దాల ముందే, 2001లో, ఐఐటీ తన ప్రాంగణంలో వైద్య శాస్త్ర సాంకేతిక విభాగాన్ని నెలకొల్పి, ఎంబీబీఎస్ పూర్తిచేసిన వైద్యులకు మూడేళ్ల మాస్టర్స్ కోర్సు మొదలుపెట్టింది. వైద్యులను ఇంజినీరింగ్ తరగతి గదిలో కూర్చోబెట్టిన ప్రయోగం దేశంలో అప్పటికి చాలా కొత్త.

ఇన్ని ఉన్నచోట కొరత ఏమిటన్న సందేహం రావచ్చు. కొరత మంచాలది కాదు, యంత్రాలది అసలే కాదు. కొవిడ్ రెండో ఉద్ధృతి తర్వాత 2021 జులైలో కేంద్రం రూ.23,123 కోట్లతో అత్యవసర ప్రతిస్పందన ప్యాకేజీ రెండో దశను ప్రకటించింది. దేశంలోని 736 జిల్లాల్లోనూ పిల్లల చికిత్స విభాగాలు, కొత్తగా 20 వేల ఐసీయూ పడకలు, వాటిలో 20 శాతం పిల్లలకే అన్న లక్ష్యాలు అందులో ఉన్నాయి. ఆ పడక దాకా బిడ్డను ప్రాణంతో చేర్చే తొలి పది నిమిషాల పని చేతులది. దానిని కొనుగోలు చేసి తెచ్చుకోవడం సాధ్యం కాదు.

చిన్న ఒంటికి చిన్న మోతాదు కాదు

పిల్లవాడు పొట్టిగా ఉన్న పెద్దవాడు కాడు. ఇది వైద్య కళాశాలల్లో అరిగిపోయిన మాటే కానీ, అత్యవసర గదిలో దాని అర్థం వేరు. పెద్దవారిలో గుండె ఆగిపోవడానికి ఎక్కువగా గుండె జబ్బే కారణం. పిల్లల్లో చాలావరకు ముందు ఊపిరి కుంటుపడి, ప్రాణవాయువు అందక, ఆఖరున గుండె ఆగుతుంది. అంటే హెచ్చరిక ముందే వస్తుంది, గుర్తించే కన్ను ఉంటే చాలు. రక్తం, నీరు తగ్గిపోయి షాక్‌లోకి జారుతున్న బిడ్డలో రక్తపోటు చాలాసేపు మామూలుగానే ఉంటుంది. అది పడిపోయేసరికి ఆలస్యమైపోయినట్టే. కాబట్టి బీపీ చూసి నిశ్చింతగా ఉన్న వైద్యుడు మోసపోతాడు. చల్లబడిన కాళ్లు చేతులు, వేగంగా కొట్టుకునే నాడి, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగి రావడానికి పట్టే సమయం అసలు సంగతి చెబుతాయి.

మందుల లెక్క మరో ఇబ్బంది. ప్రతి మోతాదూ బరువును బట్టి మారుతుంది. మూర్ఛతో కొట్టుకుంటున్న బిడ్డను తూకం వేయడం కుదరదు. అందుకే అమెరికాలో 1980లలో బ్రోస్లో టేపు అనే రంగుల కొలబద్ద వచ్చింది. బిడ్డ పొడవు కొలిస్తే బరువు అంచనా, దానికి తగిన మోతాదు, గొట్టం పరిమాణం అన్నీ దానిపైనే కనిపిస్తాయి. అయితే ముంబయి పిల్లలపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పది కిలోలకు పైబడిన పిల్లల బరువును ఆ టేపు 10 శాతానికి మించి ఎక్కువగా చూపిస్తున్నట్టు తేలింది. అక్కడి ఆరోగ్యవంతులైన పిల్లల కొలతలతో తయారైన టేపు, బక్కచిక్కిన మన బిడ్డకు ఎక్కువ మందు ఇప్పిస్తుందన్నమాట. పరాయి పాఠ్యక్రమాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ అక్కర్లేదు.

ఖరగ్‌పూర్ పరిసరాల్లోని ఎర్రమట్టి పల్లెలకూ సాల్ అడవులకూ తనదైన మరో పాఠం ఉంది. అది పాముకాటు. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటేస్తుంది. చాలాసార్లు గాటు కనిపించదు, వాపు ఉండదు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటూ లేస్తుంది. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. అజీర్తి అనుకొని మాత్ర ఇచ్చి పంపేస్తే ఇంటికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. పాము విషానికి విరుగుడు మందును పిల్లలకు తగ్గించి ఇవ్వకూడదు. పాము వదిలే విషం బిడ్డ బరువును చూసి తగ్గదు గనుక పెద్దవారికిచ్చే మోతాదే ఇవ్వాలి. ‘అన్నిటినీ బరువు ప్రకారం తగ్గించు’ అని నేర్చుకున్న కుర్ర డాక్టరు సరిగ్గా ఇక్కడే పొరబడే ప్రమాదం ఉంది. దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో మరణిస్తున్నారని 2020లో ప్రచురితమైన పరిశోధన అంచనా వేసింది. ఆ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. సముద్రం ఆవల రాసిన పాఠ్యపుస్తకంలో కట్లపాముకు అర పేజీ దొరకడమే గగనం.

బ్లాంటైర్ నుంచి బెళగావి దాకా

పిల్లల అత్యవసర వైద్యం ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకొని ఎంతోకాలం కాలేదు. అమెరికాలో పిల్లల ప్రాణరక్షణ కోర్సు ‘పాల్స్’ 1988లో మొదలైంది. ఈ ఉపవిభాగంలో నిపుణులకు తొలి బోర్డు పరీక్ష 1992లో జరిగింది. భారత వైద్య మండలి అసలు అత్యవసర వైద్యాన్నే ప్రత్యేక పీజీ శాస్త్రంగా గుర్తించింది 2009లో. అయితే పేద దేశాలకు ఉపయోగపడే పరిశోధన ఈ పెద్ద ఆసుపత్రుల్లో పుట్టలేదు.

మలావీ దేశంలోని బ్లాంటైర్ నగరంలో క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రి ఉంది. అక్కడ పిల్లలందరూ ఒకే వరుసలో నిలబడేవారు. ముందు వచ్చినవారికి ముందు వైద్యం. జలుబుతో వచ్చిన పిల్ల వెనుక, అపస్మారకంలో ఉన్న పిల్ల వంతు కోసం ఎదురుచూసేది. డాక్టర్ ఎలిజబెత్ మోలినూ బృందం ఆ వరుసను మార్చింది. గుమ్మం దగ్గరే బిడ్డను చూసి అత్యవసరమా, త్వరగా చూడాలా, ఆగగలరా అని వేరుచేసే పద్ధతి పెట్టింది. సిబ్బందికి ఆ పని నేర్పింది, అత్యవసర గదినీ బయటి రోగుల గదినీ దగ్గరకు చేర్చింది. ఆసుపత్రిలో చేరిన పిల్లల మరణాల శాతం అంతకుముందు 10 నుంచి 18 మధ్య ఊగిసలాడుతుండగా, ఆ తర్వాత 6 నుంచి 8 మధ్యకు దిగివచ్చిందని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ బృందం వెల్లడించింది. ఇది ముందూ వెనుకా పోలిక మాత్రమే, ఇతర కారణాలూ తోడై ఉండవచ్చు. అయినా కొత్త మందుగానీ కొత్త యంత్రంగానీ లేకుండా వచ్చిన మార్పు గనుక దాని విలువ తక్కువేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఈటాట్’ పేరిట రూపొందించిన శిక్షణకు మూలసూత్రం ఈ వరుస మార్పే. శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, మూర్ఛ, తీవ్ర నిర్జలీకరణం అన్న ఆరింటిని ఎవరైనా సరే గుమ్మంలోనే గుర్తించగలగాలి.

కెన్యా పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. ఎనిమిది జిల్లా ఆసుపత్రులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మార్గదర్శకాల పుస్తకాలు, ఒకటిన్నర రోజుల ఉపన్యాస తరగతులు, లిఖితపూర్వక నివేదికలు ఇచ్చారు. రెండో వర్గానికి అయిదున్నర రోజుల సాధన ప్రధానమైన శిక్షణతో పాటు, ఆసుపత్రిలోనే ఉండి గుర్తుచేసే ఒక సహాయకుణ్ని, క్రమం తప్పని పర్యవేక్షణను, ‘మీ పని ఇలా ఉంది’ అని ముఖాముఖి చెప్పే సమావేశాలను జోడించారు. ఏడాదిన్నర తర్వాత రెండో వర్గంలో చికిత్స నాణ్యత స్పష్టంగా మెరుగుపడింది, మందుల మోతాదుల్లో తప్పులు తగ్గాయి. 2011లో వెలువడిన ఈ ఫలితాలను విధానకర్తలు సాధారణంగా ‘శిక్షణ పనిచేస్తుంది’ అని చదువుతారు. నిజానికి అక్కడ తేలింది వేరు. కేవలం పాఠం విన్న ఆసుపత్రులు వెనుకబడ్డాయి. పాఠం తర్వాత ఎవరో ఒకరు వెంట నిలిచినవి ముందుకు వెళ్లాయి.

మన పొరుగునే ఉన్న కర్ణాటకలోని బెళగావిలో జరిగిన అధ్యయనం ఇంకా జాగ్రత్తగా చదవదగినది. పుట్టిన వెంటనే ఊపిరి తీసుకోని శిశువుకు తొలి నిమిషంలో ఊపిరి అందించడం ఎలాగో 599 మంది ప్రసూతి సిబ్బందికి నేర్పారు. మృత శిశువుల జననం 3.0 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గిందని 2013లో ప్రచురించారు. ప్రసవ సమయంలోనే సంభవించినట్టు కనిపించే మృతజననాలు 1.7 శాతం నుంచి 0.9 శాతానికి దిగాయి. అంటే చనిపోయారని పక్కన పెట్టిన కొందరు శిశువులు నిజానికి ఊపిరి కోసం ఎదురుచూస్తున్నవారే. అయితే పుట్టాక నెలలోపు మరణాల రేటు మారలేదు. అదే శిక్షణను బెళగావి, నాగపూర్, కెన్యాల్లో పెద్ద ఎత్తున విస్తరించి చూసిన మరో అధ్యయనం 2016లో వచ్చింది. మొత్తం ప్రసవాలను లెక్కలోకి తీసుకున్నప్పుడు మరణాల్లో నిలకడైన తగ్గుదల అందులో కనిపించలేదు. చిన్న ప్రయోగంలో కనబడిన మేలు విస్తరణలో ఎందుకు పలచబడింది? శిక్షణ ఇచ్చినవారు, పొందినవారు, వారి వెనుక ఉండే పర్యవేక్షణ ఏవీ అదే స్థాయిలో విస్తరించకపోవడం ఒక కారణమై ఉండాలి. మన దేశంలో సర్కారీ శిక్షణ కార్యక్రమాల చరిత్ర ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

పాఠమే తప్పితే?

శిక్షణ ఎంత బలంగా ఉన్నా, నేర్పే విషయం సరైనదేనా అన్న ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది చాలాకాలం తిరుగులేని పాఠం. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతోనూ రక్తప్రసరణ లోపంతోనూ వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగిన ‘ఫీస్ట్’ పరిశోధన 2011లో ఆ పాఠాన్ని తలకిందులు చేసింది. వేగంగా ద్రవం ఎక్కించిన రెండు వర్గాల్లో 48 గంటల్లో మరణాలు 10.6, 10.5 శాతం. నెమ్మదిగా ఇచ్చిన వర్గంలో 7.3 శాతం. విరేచనాలతో నీరసించిన పిల్లలను ఆ పరిశోధనలో చేర్చలేదు. వారికి ద్రవాలు అవసరమేనన్నది మారలేదు. వెంటిలేటరు, ఐసీయూ అందుబాటులో లేని ఆసుపత్రిలో మాత్రం, సంపన్న దేశాల పద్ధతి మేలుకు బదులు కీడు చేయగలదని తేలింది.

ఈ విషయంలో చెన్నై ఎగ్మోర్‌లోని శిశు ఆరోగ్య సంస్థ చేసిన కృషిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డాక్టర్ ఇందుమతి సంతానం నాయకత్వంలో అక్కడి బృందం, కిక్కిరిసిన సర్కారీ ఆసుపత్రి అత్యవసర విభాగంలోనే షాక్ చికిత్సపై యాదృచ్ఛిక పరిశోధన జరిపి 2008లో ప్రచురించింది. మన ఆసుపత్రుల పరిస్థితికి తగిన పిల్లల అత్యవసర వైద్య పాఠ్యక్రమాన్నీ తీర్చిదిద్దింది. బోధన, చికిత్స, పరిశోధన ఒకే గదిలో జరిగితేనే పాఠం నిజానికి దగ్గరగా ఉంటుందని ఆ అనుభవం చూపింది. తెలుగు రాష్ట్రాల బలం మరో దిక్కున ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సహకారంతో 2007 నుంచి అంబులెన్సు సిబ్బందికి క్రమబద్ధమైన శిక్షణ చేపట్టింది. ఒకటి ఆసుపత్రి గదిని, మరొకటి రహదారిని పట్టించుకుంది. రెంటినీ కలిపిన నమూనా తూర్పు భారతానికి ఇంకా కావాలి.

మరపే అసలు శత్రువు

శిక్షణ పరిశోధనల్లో అన్నిటికన్నా స్థిరంగా కనిపించే ఫలితం నిరుత్సాహకరమైనది. రెండు రోజుల కోర్సు చివర నిర్వహించే పరీక్షలో దాదాపు అందరూ ఉత్తీర్ణులవుతారు. కొన్ని నెలల తర్వాత, చాలా అధ్యయనాల్లో ఆరు నెలల లోపే, అదే మనిషికి అదే బొమ్మను ఇచ్చి ఊపిరి పట్టమంటే చేయి తడబడుతుంది. జ్ఞానం కొంత నిలుస్తుంది, నైపుణ్యం జారిపోతుంది. సర్టిఫికెట్ మాత్రం రెండేళ్లు చెల్లుతుంది.

చిన్న ఆసుపత్రులకు ఇది మరింత పెద్ద సమస్య. పెద్ద నగరంలోని పిల్లల ఆసుపత్రికి ప్రాణాపాయ స్థితిలో ఉన్న బిడ్డ రోజూ వస్తుంది, అక్కడి వైద్యుడికి పనే సాధన. సబ్ డివిజనల్ ఆసుపత్రిలో అంబు బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించాల్సిన సందర్భం, మోకాలి కింద ఎముకలోకి సూది దించాల్సిన సందర్భం ఒక వైద్యుడికి ఏడాదిలో ఒకటి రెండుసార్లకు మించి ఎదురుకాకపోవచ్చు. శిక్షణ ఎక్కడ ఎక్కువ అవసరమో సాధన అక్కడే తక్కువ దొరుకుతుంది. ఈ చిక్కును కోర్సుల సంఖ్య పెంచి విప్పలేరు.

దీనికి ఒక విరుగుడును అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డాక్టర్ ఎలిజబెత్ హంట్ బృందం 2014లో ప్రకటించింది. సుదీర్ఘమైన నమూనా ప్రదర్శన నడిపి చివర్లో చర్చించే పాత పద్ధతిని వారు వదిలారు. తప్పు జరిగిన క్షణంలోనే ఆపి, సరిదిద్ది, మళ్లీ మొదటి నుంచి చేయించారు. సరిగా వచ్చేదాకా అంతే. సంగీతం నేర్పే గురువు సరళీ స్వరాల దగ్గర చేసే పని ఇదే. తర్వాతి పరిశోధనలు దీనికి మరో అంశం జోడించాయి. ఏడాదికోసారి రోజంతా కాకుండా, వార్డులోనే, విధుల మధ్యలోనే, పది పదిహేను నిమిషాల చొప్పున తరచూ సాధన చేయించడం మేలు. వైద్యుడొక్కడికే కాదు, నర్సుకూ, వార్డు సహాయకుడికీ కలిపి నేర్పాలి. అత్యవసర గదిలో పొరపాట్లు ఎక్కువగా ఇద్దరి మధ్య మాట తెగిన చోట జరుగుతాయి.

పక్కన నిలిచేది ఎవరు?

2025 జనవరిలో మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రి దేశమంతటా వార్తల్లోకెక్కింది. ప్రసవానంతరం ఒక మహిళ మరణించగా, మరికొందరు తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. సెలైన్ నాణ్యతపై ఆరోపణలు వచ్చాయి. సీనియర్లు లేకుండా శిక్షణలో ఉన్న వైద్యులే శస్త్రచికిత్సలు చేశారన్న అంశమూ విచారణలో ముందుకొచ్చింది. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఆ నెల 16న 12 మంది వైద్యులను సస్పెండ్ చేశారు. వారిలో ఆరుగురు పీజీ శిక్షణార్థులు. జూనియర్ వైద్యులు నిరసన తెలిపారు. ఫిబ్రవరిలో వారి సస్పెన్షన్‌ను ఎత్తివేస్తున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు.

అది పిల్లల విభాగానికి సంబంధించిన ఉదంతం కాదు. బాధ్యత ఎవరిదో తేల్చడం ఈ విశ్లేషణ పరిధిలోనిది కూడా కాదు. కానీ ఖరగ్‌పూర్ నుంచి తరలించే రోగులు చేరే చోటే ఈ వివాదం తలెత్తింది. సెలైన్ సంగతి, నేరారోపణల సంగతి పక్కనపెడితే, శిక్షణ పరిశోధన పదేపదే చెబుతున్న విషయమే అందులో తారసపడుతుంది. శిక్షణార్థి నేర్చుకునేది పక్కన నిలిచిన అనుభవజ్ఞుడి నుంచి. ఆ మనిషి ఆ రాత్రి అక్కడ లేకపోతే, శిక్షణార్థి నేర్చుకోవడం లేదు, ఊరకే పని నెట్టుకొస్తున్నాడు. తప్పు జరిగాక శిక్షించడానికి నియమాలు ఉన్నాయి. తప్పు జరగకముందు రాత్రి పన్నెండు గంటలకు పక్కన ఎవరుండాలో చెప్పే నియమాన్ని అమలు చేయడమే కష్టం.

జాతీయ స్థాయిలోనూ సంకేతాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. 2020 నాటి నిబంధనల్లో వైద్య కళాశాలలకు అత్యవసర వైద్య విభాగాన్ని తప్పనిసరి చేశారు. 2023లో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన ముసాయిదాలో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి అది తప్పుకుంది. అధ్యాపకుల కొరత నిజమే కావచ్చు. కానీ విభాగమే లేని కళాశాలలో ఆ అధ్యాపకులు ఎప్పటికి తయారవుతారు?

పశ్చిమ బెంగాల్ స్థితిని తెలుగు పాఠకులు తక్కువగా అంచనా వేయనక్కర్లేదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అయిదేళ్లలోపు పిల్లల మరణాలు ప్రతి వెయ్యి జననాలకు దేశంలో 41.9 కాగా, పశ్చిమ బెంగాల్‌లో 25.4. తెలంగాణలో అది 29.4, ఆంధ్రప్రదేశ్‌లో 35.2. టీకాలు, ప్రసవ సేవలు, పోషణ వంటి పెద్ద అడుగులు ఇప్పటికే పడ్డ రాష్ట్రంలో, మిగిలిన మరణాలను తగ్గించే పని క్రమంగా ఆసుపత్రి గుమ్మం దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్లడం అంత తేలిక కాదు.

ఖరగ్‌పూర్ చేయగలిగినది

ఖరగ్‌పూర్‌కు ఉన్న అనుకూలత మరే చిన్న పట్టణానికీ సులభంగా దొరకదు. ఇంజినీర్లు, సాంకేతిక విద్య నేర్చుకుంటున్న వైద్యులు, రైల్వే ఆసుపత్రి, రాష్ట్ర ఆసుపత్రి అన్నీ అక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. కొవిడ్ కాలంలో ఐఐటీ ఖరగ్‌పూర్ ‘కోవిరాప్’ అనే చౌకైన పరీక్షా పరికరాన్ని రూపొందించి, 2020లోనే భారత వైద్య పరిశోధన మండలి ఆమోదం పొందింది. శిశువు ఛాతీపై ఎంత లోతుగా నొక్కారో, మాస్కు అంచుల నుంచి గాలి ఎంత జారిపోయిందో చెప్పే శిక్షణ బొమ్మలు విదేశాల నుంచి వచ్చినప్పుడు వాటి ధర సబ్ డివిజనల్ ఆసుపత్రికి అందదు. అటువంటి బొమ్మను మన పిల్లల ఒడ్డూపొడవుకు తగినట్టు, వార్డు మూలన పెట్టుకొనే ధరలో తయారుచేయడం ఆ ప్రాంగణానికి మించిన పని కాదు. పరిశోధన అంటే మాత్రం బొమ్మను తయారుచేసి పత్రం ప్రచురించడంతో ముగిసేది కాదు. కొన్ని ఆసుపత్రుల్లో ముందుగా, మరికొన్నింటిలో తర్వాత ప్రవేశపెట్టి, బిడ్డ గుమ్మం చేరిన క్షణం నుంచి తొలి చికిత్స దాకా పట్టిన నిమిషాలు తగ్గాయా లేదా అని లెక్కించడం అసలు పరిశోధన. కోర్సు ముగిసిన సాయంత్రం పెట్టే పరీక్ష మార్కులను బట్టి దీనిని తేల్చలేరు.

ఇక భాష. ఈ పట్టణంలో బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా, సంథాలీ వినిపిస్తాయి. మూర్ఛను బెంగాలీ తల్లి ‘ఖించుని’ అంటుంది, తెలుగు తల్లి ‘ఫిట్స్’ అనో ‘కళ్లు తేలేశాడు’ అనో అంటుంది. ‘డొక్కలెగరేయడం’ అన్న మాటకు సరిసమానమైన బెంగాలీ పదం కోల్‌కతాలో చదివి వచ్చిన హౌస్ సర్జన్‌కు తెలియనవసరం లేదు. కానీ ఆ మాట వినగానే లేచి నిలబడాలని మాత్రం తెలిసి ఉండాలి. తల్లులు వాడే పాతిక ముప్పై మాటలను అయిదు భాషల్లో సేకరించి, ఈటాట్ సూచికలతో జతచేసి గుమ్మం దగ్గర గోడకు అతికించడానికి పెద్ద నిధులేవీ అక్కర్లేదు. అయితే అటువంటి పట్టిక తయారీ కూడా పరిశోధన క్రమశిక్షణతోనే జరగాలి. తల్లి ఆ మాట అన్న పిల్లల్లో ఎందరికి నిజంగా ఆ లక్షణం ఉందో సరిచూడాలి. రాష్ట్రంలో అధికార భాషగా గుర్తింపు పొందిన తెలుగు అక్కరకు రావలసిన చోట్లలో ఆసుపత్రి గుమ్మం ఒకటి.

అడ్డంకులు లేకపోలేదు. రైల్వే ఆసుపత్రి కేంద్ర రైల్వే శాఖది, చాంద్‌మారి ఆసుపత్రి రాష్ట్ర ఆరోగ్య శాఖది, ఐఐటీ కేంద్ర విద్యాశాఖది. మూడు యాజమాన్యాల మధ్య ఒక ఉమ్మడి శిక్షణ రిజిస్టరు నడపాలన్నా దస్త్రాలు మూడు చోట్ల కదలాలి. శిక్షణ పొందిన వైద్యుడు బదిలీ అవుతాడు, నర్సు మరో వార్డుకు మారుతుంది. కెన్యాలో మాదిరిగా ఆసుపత్రిలోనే ఉండి గుర్తుచేసే సహాయకుడి పోస్టు మన సిబ్బంది నమూనాలో లేదు. దానిని సృష్టించాలంటే ఎవరి బడ్జెట్‌లోనో చోటు కావాలి.

తరలింపు సంగతి అన్నిటికన్నా ముందు తేలవలసినది. నీతి ఆయోగ్ కోసం ఎయిమ్స్ దేశంలోని వంద ఆసుపత్రులను పరిశీలించి 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, సొంత అంబులెన్సులు ఉన్నవి 91 శాతం. వాటిలో శిక్షణ పొందిన పారామెడికల్ సిబ్బంది ఉన్నది 34 శాతం ఆసుపత్రుల్లోనే. కట్లపాము కాటుకు విరుగుడు మందు పడ్డాక కూడా ఊపిరి కండరాలు తేరుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. చాంద్‌మారి నుంచి కంసావతి వంతెన మీదుగా మేదినీపూర్ చేరేదాకా ఆ బిడ్డకు ఎవరో ఒకరు ఆగకుండా అంబు బ్యాగు నొక్కుతూ ఉండాలి. ఆ వాహనంలో కూర్చునే మనిషి పేరు ఏ శిక్షణ జాబితాలో చేరుతుందో మూడు శాఖల్లో ఏదో ఒకటి నిర్ణయించాల్సి ఉంది.